పవర్ స్టీరింగు: చమురు చుట్టూ తిరిగిన చరిత్ర

సూరత్ నగరం నుండి బార్డోలి వెళ్ళే రహదారి మీద పర్వత్ పాటియా ఉంది. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల అనేకం. బట్టల మూటలతో నిండిన టెంపోలు, ఆటోల నడుమ ఒక కారు సందులోకి మలుపు తిరగడం ఇక్కడ నిత్యం కనిపించే దృశ్యమే. చిన్న కారులో కూడా ముందు చక్రాల మీద ఐదారు వందల కిలోల బరువు పడుతుంది. అంత బరువును మోసే చక్రాలను డ్రైవరు ఒంటిచేత్తో ఎలా తిప్పగలుగుతున్నాడు?

ఈ సౌకర్యం మొదటి నుండీ లేదు. అంబాసడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 వంటి కార్లు మన దేశంలో పవర్ స్టీరింగు లేకుండానే దశాబ్దాల పాటు నడిచాయి. స్టీరింగు చక్రాన్ని పెద్దదిగా చేసి, లోపల పళ్ళచక్రాల నిష్పత్తిని పెంచితే చేతికి శ్రమ తగ్గుతుంది. కాని తులాదండ సూత్రం మీరు చదివే ఉంటారు. బలంలో లాభపడితే దూరంలో నష్టపోవాలి. అందుకే పాత వాహనాల డ్రైవర్లు ఒక మలుపు కోసం స్టీరింగును ఎన్నోసార్లు చుట్టవలసి వచ్చేది.

అమెరికాలో పియర్స్ యారో అనే సంస్థ లారీల విభాగంలో ఫ్రాన్సిస్ డేవిస్ (1887-1978) ముఖ్య ఇంజనీరుగా పనిచేశాడు. భారీ లారీలను తిప్పడానికి డ్రైవర్లు పడే అవస్థ అతనికి బాగా తెలుసు. ఉద్యోగం వదిలి, బోస్టన్ సమీపంలోని వాల్తామ్ పట్టణంలో ఒక చిన్న వర్క్‌షాపులో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ద్రవపీడనంతో పెద్ద బలాన్ని పుట్టించవచ్చని అప్పటికే అందరికీ తెలుసు. పాస్కల్ నియమం పదిహేడవ శతాబ్దానిది, బ్రామా ప్రెస్ 1795 నాటిది. మరి ఇబ్బంది ఎక్కడ వచ్చింది? చమురు కారిపోవడంలో! పీడనాన్ని ఎప్పుడూ నిలిపి ఉంచే యంత్రాలలో ప్రతి అతుకు నుండి చమురు బయటికి వచ్చేది.

డేవిస్ ఆలోచన ఇక్కడే మలుపు తిరిగింది. కవాటాన్ని మూసి ఉంచే బదులు తెరిచే ఉంచాడు. నేరుగా వెళ్ళేటప్పుడు పంపు తోడిన చమురు తక్కువ పీడనంతో తిరుగుతూ ఉంటుంది. స్టీరింగు తిప్పగానే కవాటం కొంత మూసుకుని, పీడనం పెరిగి, ముషలకాన్ని నెడుతుంది. నీళ్ళ గొట్టం చివర బొటనవేలు అడ్డం పెట్టి చూడండి, సంగతి అర్థమవుతుంది. అవసరమైనప్పుడు మాత్రమే పీడనం, మిగతా సమయమంతా విశ్రాంతి. నా దృష్టిలో ఇది గొప్ప ఇంజనీరింగు ఆలోచనలలో ఒకటి.

1926లో అతడు దీనిని ఒక పియర్స్ యారో కారులో అమర్చి నడిపి చూపాడు. జనరల్ మోటార్స్ ఒప్పందం చేసుకుంది గాని, ఆర్థిక మాంద్యం కాలంలో, 1934లో, ఖర్చు ఎక్కువని రద్దు చేసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలు దీనికి మళ్ళీ ప్రాణం పోశాయి. 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో అమర్చి అమ్మకానికి పెట్టింది. గడువు తీరిన డేవిస్ పేటెంట్లే దానికి ఆధారం. పావు శతాబ్దం ఆగిన ఫలితం అది.

ఈ చరిత్ర ఇంటి దగ్గర మనకెందుకు పనికివస్తుందంటే, డేవిస్‌ను వేధించిన కారుడు నేటికీ పూర్తిగా పోలేదు. మరమగ్గం ఉన్న ఇంటి పిల్లలకు చమురు విలువ వేరే చెప్పనక్కరలేదు. కారును సమతలం మీద నిలిపి, ఇంజిన్ ఆపి, స్టీరింగు చమురు డబ్బా మూత తీసి చూడండి. ఇంజిన్ చల్లగా ఉంటే ‘కోల్డ్’ గీత, వేడిగా ఉంటే ‘హాట్’ గీత లెక్క. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం, ఎందుకంటే ఈ చమురు ఇంజిన్‌లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. రాత్రి కారు ముందు భాగం కింద అట్టముక్క పరచి ఉంచితే ఉదయం చుక్కలే చోటు చెబుతాయి. ఏసీ నుండి వచ్చేది ఉత్త నీరు, దానికి కంగారు వద్దు. చమురు నల్లబడి మాడు వాసన వేస్తే మార్పించాలి. ఏ రకం పోయాలో కారుతో వచ్చిన పుస్తకం చెబుతుంది. బ్రేకు ఆయిల్ మాత్రం ఎన్నడూ పోయకూడదు, రబ్బరు సీళ్ళు పాడవుతాయి.

తిప్పినప్పుడు కూత వినిపించి, చమురులో నురగ కనిపిస్తే లోపల గాలి చేరిందన్నమాట. చమురు తగ్గడమే దీనికి సాధారణ కారణం. కూత కీచుమని ఉంటే పంపు బెల్టు వదులై జారుతోందేమో చూడాలి. స్టీరింగును ఒక పక్కకు చివరికంటా తిప్పి అలాగే పట్టుకునే అలవాటు కూడా మంచిది కాదు. అప్పుడు పీడనం గరిష్ఠానికి చేరి చమురు వేడెక్కుతుంది. ఇక స్టీరింగు బరువెక్కిన ప్రతిసారీ పంపును అనుమానించకండి. ముందు చక్రాలలో గాలి తక్కువైనా అంతే!

ఫ్లైఓవర్ దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపేసే వారున్నారు. పంపును తిప్పేది ఇంజినే. అది ఆగితే స్టీరింగు పని చేయడం మానదు గాని, మలుపులో హఠాత్తుగా రాయిలా బరువెక్కుతుంది. కొద్దిసేపటికి బ్రేకు సహాయమూ పోతుంది. తాళం పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి తీస్తే చాలా కార్లలో స్టీరింగు బిగుసుకుపోతుంది కూడా. పది పైసల ఆదాకు ప్రాణం పణంగా పెట్టడమిది.

1988లో జపాను సుజుకి సంస్థ సెర్వో అనే చిన్న కారులో చమురు లేని విద్యుత్ స్టీరింగును తెచ్చింది. నేడు మన చిన్న కార్లలో ఎక్కువ భాగం దీనితోనే వస్తున్నాయి. ఇందులో చూడవలసినవి బ్యాటరీ, ఫ్యూజు, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం. వానాకాలంలో ఖాడీలు, అంటే ఊరి మధ్య వాగులు, పొంగినప్పుడు పర్వత్ పాటియా, లింబాయత్ వీధులలో నీరు నిలుస్తుంది. నీరు కారు లోపలి నేల దాకా వచ్చిందంటే తాళం తిప్పి చూడాలనిపించినా తిప్పకండి. బ్యాటరీ తీగను విప్పించి, కారును లాగించుకుని మెకానిక్ దగ్గరికి చేర్చాలి.