సముద్రము దాటిన వంశములు

వంశవృక్షమనగానే సామాన్యముగా రాజులు, జమీందార్లు జ్ఞప్తికి వత్తురు. టెక్కలి, మందస, పర్లాకిమిడి సంస్థానములవారి వంశక్రమము దస్తావేజులలోను, కోర్టు కాగితములలోను నిలిచినది. ఆ సంస్థానముల భూములను దున్నిన రైతునకు, బారువ తీరమున వల వేసిన బెస్తవానికి, ఉద్దానపు తోటలలో మట్టి మోసిన కూలివానికి వంశక్రమము వ్రాసిపెట్టినవారు అరుదు. అయినను చిత్రమేమనగా, అట్టి కుటుంబములలో కొన్నింటి కొమ్మలు మాత్రము మారిషస్, నేటాల్, ఫిజీ దేశముల కచేరీ పుస్తకములలో పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చలతో సహా నమోదై యున్నవి. కొమ్మకు వ్రాత గలదు, మొదటికి లేదు. ఆ కొమ్మలవారు ఎప్పుడైనను మొదలు వెదకుకొనుచు వచ్చినచో వారికి జవాబు చెప్పవలసినది మన గ్రామములే.

బ్రిటిషు రాజ్యములలో బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడ కలకత్తా నుండి కూలీలతో మారిషస్ చేరినది. అది మొదలు ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు ఆ ద్వీపమునకు పోయినవారు సుమారు నాలుగున్నర లక్షలు. తెలుగువారిలో తొలుత పోయినవారు కాకినాడ చెంతనున్న కోరంగి రేవున ఓడ యెక్కుటచే అచ్చట తెలుగువారికి కోరంగీలని పేరు పడినది. 1839 నవంబరు తుపానులో కోరంగి పాడైపోయినది గాని పేరు పోలేదు. తరువాత బర్మాలోను అదే పేరు వ్యాపించినది. కోరంగిని కన్నెత్తి చూడని కళింగపట్నపు మనిషియు రంగూనులో కోరంగీయే!

నేటాలునకు మొదటి ఓడ ట్రూరో. అది మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16వ తేదీన దర్బను చేరినది. 1911లో ఈ పద్ధతి నిలిచిపోవు నాటికి 1,52,184 మంది అచ్చటికి పోయిరి. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి పోయినవారే. అందు గంజాము, విశాఖపట్టణము జిల్లాలవారు గలరు. ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వరకు అరువదివేలకు పైగా పోయిరి. మద్రాసు నుండి అచ్చటికి ఓడలు 1903లో ఆరంభమైనవి. ఎందులకు పోయిరను ప్రశ్నకు జవాబు ఈ ప్రాంతపు పెద్దలకు చెప్పనక్కర లేదు. 1866, 1889, 1897 సంవత్సరముల కరవులు గంజాము జిల్లాను ఎట్లు పీడించినవో చరిత్ర పుస్తకములన్నిటను ఉన్నది.

ఈ కూలీ ఒడంబడికను మన పెద్దలు నిందించిరి. గోఖలే, గాంధీ మహాత్ముడు మున్నగువారు దానిని మాన్పించుటకు పాటుపడిరి. మనిషికి నంబరు వేసిన పద్ధతి అది. కాని ఆ నంబరే నేడు వంశాన్వేషకునకు చేతికి దొరకిన దారము. నేటాలు ఓడ జాబితాలలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటి గురుతులు, ఎత్తు. ఫిజీకి పోయినవారి ప్రయాణ పత్రములలో దగ్గరి బంధువు పేరునకు కూడ ఒక గడి యుండెను. మారిషస్‌లో 1860ల నుండి ఛాయాచిత్రములు సైతము తీసిరి. ఆ చిత్రములు, రిజిస్టర్లు మోకా పట్టణములోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరుపబడినవి. కూలీలు దిగిన పోర్టు లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపు పొందినది. అచ్చటి మునిమనుమడు తన తాతగారి జనన పత్రమునో వివాహ పత్రమునో సంపాదించినచో దానిలో తల్లిదండ్రుల నంబరు దొరకును. నంబరు పట్టుకొని రిజిస్టరు చూచినచో ఓడ పేరు, తేదీ, ఊరు దొరకును. అంతవరకు త్రోవ సుగమము.

ఊరు దొరకిన తరువాతనే చిక్కు. తెలుగువాని గుర్తింపు ఇంటిపేరులో నున్నది. ఒకే ఊరిలో పది మంది అప్పలస్వాములుందురు. ఇంటిపేరు చెప్పినగాని ఫలానావాడని తెలియదు. రిజిస్టరులో ఇంటిపేరునకు గడి లేదు. గుమాస్తా నీ పేరేమి, నీ తండ్రి పేరేమి యని అడిగెను. కూలివాడు ఆ రెండే చెప్పెను. ఆవలి యొడ్డున చట్టమునకు కుటుంబనామము కావలసి వచ్చినప్పుడు తొలి మనిషి స్వంతపేరే కుటుంబనామమైనది. ఇచ్చట ఒక మనిషితో ముగిసిపోవలసిన అప్పలస్వామి యను పేరు అచ్చట నాలుగైదు తరములకు ఇంటిపేరైనది. నాయుడు అనునది మరింత మోసము చేయును. అది ఇంటిపేరు కాదు, గౌరవవాచకము. తమిళదేశపు కుటుంబములకును గలదు. దక్షిణాఫ్రికా సత్యాగ్రహమున ముందు నిలిచిన తంబి నాయుడు మారిషస్‌లో జన్మించినవాడు. గాంధీజీ ఆయనను తమిళునిగనే పేర్కొనిరి. కనుక నాయుడను పేరొక్కటి చూచి వంశమును మన తీరమునకు తీసికొనివచ్చుట తగదు.

పేరు కొంత మేలును చేయును. అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాచలము, సింహాద్రి అను పేర్లు సింహాచల క్షేత్రపు నీడలోనివి. అట్టి పేరు కలవాడు ఏ ద్వీపమున కనబడినను వాని పూర్వులు ఉత్తరాంధ్రమువారని చాలవరకు ఊహింపవచ్చును. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము వలన పేర్లు తరము విడిచి తరమున మరల వచ్చుచుండును. ఇది ఒకందుకు ఆధారము, ఒకందుకు ఉచ్చు. తాతను మనుమడనుకొన్న వంశవృక్షములు లేకపోలేదు.

ఇక ఊరి పేరు. ఉద్దానమున పుట్టుగ యని అంతమగు గ్రామనామములు పెక్కు గలవు. అట్టివి తేలికగ పట్టుబడును. పేటలు, పురములు అట్లు కావు. ప్రతి తాలూకాలోను ఒక రామచంద్రాపురమైనను ఉండును. దానికి తోడు జిల్లా హద్దులు మారినవి. టెక్కలి, సోంపేట, శ్రీకాకుళము ప్రాంతములు ఆనాడు గంజాము జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు గంజాము పేరు ఆ రాష్ట్రమునకు పోయినది. మిగిలిన తెలుగు భాగము విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950 ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళము జిల్లా యేర్పడినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. పత్రములో గంజాము అని చూచి బరంపురము, ఛత్రపురములలో వెదకువాడు తన ఊరికి కొలది మైళ్ల దూరమున వెదకుచు దానిని కానలేకుండును. చికాకోల్ అనగా శ్రీకాకుళమేయని అతనికి చెప్పవలసినవారు ఇచ్చటివారు.

ఈ సందర్భమున స్విట్జర్లాండువారి సంగతి తెలిసికొనదగినది. పదునెనిమిదవ శతాబ్దిలో జూరిచ్, బెర్న్ ప్రాంతముల పేదకుటుంబములు రైన్ నది వెంట రాటర్‌డాం చేరి, అచ్చట ఓడ యెక్కి అమెరికాలోని పెన్సిల్వేనియాకు పోయినవి. కేవు చెల్లింపలేనివారు అమెరికాలో కొన్ని యేండ్లు పనిచేసి ఆ ఋణము తీర్చుకొనెడివారు. మన కూలీ ఒడంబడికకు అది పెద్దన్న వంటిది. 1727 నుండి ఫిలడెల్ఫియా రేవున దిగిన పురుషులు రాజభక్తి ప్రమాణముపై సంతకము చేయవలసి యుండెను. ఆ జాబితాలు నిలిచినవి. అచ్చటను ఇంగ్లీషు గుమాస్తాలు పేర్లను చెడగొట్టిరి. ముల్లర్ అను పేరు మిల్లర్ అయినది. ఇంతవరకు వారి కథయు మన కథయు ఒక్కటే. భేద మెచ్చటననగా, 1744లో జూరిచ్ ప్రభుత్వము ఎందరు దేశము విడిచిరో తెలియగోరి ఊరూర పాస్టర్లచే జాబితాలు వ్రాయించినది. ఏ ఇంటినుండి ఎవరు పోయిరో ఊరిలోని మనిషియే తన భాషలో, సరియైన పేర్లతో వ్రాసెను. చర్చిలోని జ్ఞానస్నాన పుస్తకములు అంతకు పూర్వమునుండియే కలవు. ఫిలడెల్ఫియా జాబితాను ఒక చేతను, గ్రామపు జాబితాను ఒక చేతను పట్టి నేటికిని అమెరికావారు తమ స్విస్ పూర్వులను గుర్తించుచున్నారు. బయలుదేరిన చోట వ్రాసిన వ్రాత మనకు లేదు. మన కరణములకు భూమి శిస్తు కావలెను గాని భూమిలేని మనిషి ఎటు పోయినను లెక్క యేమి?

మనకున్నది జ్ఞాపకము. దానికి ఒక కొలత యున్నది. తర్పణమున తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరములు చెప్పుకొందుము. పెండ్లిలో ప్రవర చెప్పునప్పుడును అంతే. నేటి అరువదేండ్ల వానికి 1900 ప్రాంతమున ఓడ యెక్కిన యువకుడు ముత్తాత తరమువాడు. అయితే పోయినవాడు ముత్తాత కాడు, ముత్తాతకు తమ్ముడు. తర్పణమున ముత్తాత పేరు వచ్చును, ముత్తాత తమ్ముని పేరు రాదు. ఇంట తగవుపడి చెప్పకుండ పోయినవాడైనచో వాని పేరు తీయుటయే మానివేసియుందురు. స్త్రీల సంగతి మరింత శోచనీయము. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని ఓడలకు నిబంధన గలదు. వారిలో ఒంటరిగ పోయినవారును గలరు. వారి పేర్లు రిజిస్టరులో నున్నవి. వారి పుట్టినింట ఆ పేరు తలచువారుందురా యనునది సందేహమే.

జ్ఞాపకమునకు వెలుపల కొన్ని ఆధారములు లేకపోలేదు. పూరీ, గయ క్షేత్రముల పండాలు యాత్రికుల ఊరు, పేరు, అన్నదమ్ముల పేర్లు వ్రాసికొనెడి పుస్తకములు ముఖ్యమైనవి. ఉద్దానమువారికి పూరీ యాత్ర దూరము కాదు. ఆస్తి పంపకపు దావాలలో దాఖలైన వంశవృక్షములు మరియొకటి. 1872 నాటి సాక్ష్య చట్టము ప్రకారము ఏడేండ్లు జాడ తెలియనివానిని బ్రతికియున్నాడనువారే రుజువు చేయవలసి యుండెను. అందుచే భాగము తేల్చుటకై దేశాంతరము పోయినవాని పేరు దావాలో వ్రాయక తప్పదు. ఇంటివారు మరచినవానిని ప్లీడరు మరువడు! 1899 నాటి మద్రాసు జనన మరణ చట్టము తరువాతి గ్రామ రిజిస్టర్లు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టమును అనుసరించి వచ్చిన పట్టా కాగితములు కూడ పనికివచ్చును. ఇవి యెంతకాలము నిలుచుననుటయే ప్రశ్న. 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి. 2018 అక్టోబరు 11వ తేదీ నాటి తిత్లీ తుపాను ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలను పెకలించినది. తాటాకు ఇంటి అటకపై తోలుసంచిలోని కాగితము ఇన్నింటిని తట్టుకొని నిలుచుట గొప్పయే.

ఇంతవరకు చెప్పినది దూరదేశములకు పోయినవారి సంగతి. ఈ తీరమునుండి ఎక్కువమంది పోయినది బర్మాకు. పంట కోతలైన పిమ్మట మేస్త్రీ ఇచ్చిన బయానా తీసికొని, బారువ, కళింగపట్నము రేవులలో మాసూలా పడవలపై కెరటములు దాటి, దూరమున లంగరు వేసియున్న ఆవిరి ఓడ యెక్కి రంగూను పోయెడివారు. అచ్చట రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసి కొందరు ఏడాదికి, కొందరు మూడేండ్లకు తిరిగివచ్చెడివారు. 1917లో మద్రాసునుండి రంగూను పోవుచు అగ్నిప్రమాదమునకు గురియైన చిల్కా యను ఓడ శిథిలము నేటికిని బారువ సముద్రమున నున్నది. బర్మా ప్రయాణమునకు ఒడంబడిక నంబరు లేదు. ఓడ కంపెనీకి తలలు లెక్క కావలెను గాని తండ్రి పేరు అక్కర లేదు. కనుక వేల మైళ్ల కావలి నేటాలునకు పోయినవాని ఎత్తు అంగుళములతో సహా దొరకుచుండగా, నాలుగు దినముల ప్రయాణములోని రంగూనునకు పోయినవాని పేరు దొరకుట కష్టము.

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మీయులకును జరిగిన కొట్లాటలో పెక్కుమంది తెలుగువారు మరణించిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో నాలుగైదు లక్షల భారతీయులు ఓడలపైనను, అరకాను, మణిపురము దారుల కాలినడకను వెనుకకు వచ్చిరి. దారిలో పోయినవారి జాబితా ఎవరును వ్రాయలేదు. అచ్చటనే నిలిచినవారిలో పెక్కుమంది 1964లో దుకాణములు జాతీయము చేయబడిన తరువాత కట్టుబట్టలతో స్వదేశము చేరిరి.

రంగూనులో పుట్టి, 1942లో తల్లి చంకన ఉండి వచ్చినవారు నేడు ఎనుబదేండ్లు దాటిన ముదుసలులు. ఆ నడకను చూచినవారిలో ప్రాణముతో మిగిలినవారు ఇక వ్రేళ్లపై లెక్కింపదగినవారే. తండ్రిని తీసికొనిపోయిన మేస్త్రీ ఏ ఊరివాడో, ఏ మిల్లులో పనియో, వెంట వచ్చిన ఇరుగుపొరుగువారు ఎవరో, దారిలో ఎవరిని ఎచ్చట పూడ్చి వచ్చిరో తల్లివలన విన్నది వారికి తెలియును. ఆ పేర్లు ఏ రిజిస్టరులోను లేవు.