నిశ్చితార్థం: వధువు సమ్మతి
తెలంగాణలో ‘పూలు పండ్లు’ అని కూడా పిలిచే నిశ్చితార్థంలో పెద్దల మాటే ముందు. కట్నకానుకలపై ఉన్నంత శ్రద్ధ అమ్మాయి ఇష్టంపై ఉండదు. రాష్ట్రంలో ఎక్కడైనా హిందువులకు చట్టం ఒకటే. ఈ తంతుతో పెళ్లి అయిపోదు, మాటిచ్చారని చేసుకోమని కోర్టు ఒత్తిడి చేయదు. బలవంతంగానో మోసంతోనో సమ్మతి పొందితే 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. బలవంతం ఆగిన, లేదా మోసం బయటపడిన ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం బాల్యంలో పెళ్లయిన అమ్మాయికి ఆ పెళ్లి రద్దు కోరేందుకు 20 ఏళ్లు నిండేవరకు గడువిచ్చింది.

మన పద్ధతికి భిన్నంగా యూదుల ధర్మశాస్త్రంలో నిశ్చితార్థమే (కిద్దుషిన్) వివాహబంధం, తెంచుకోవాలంటే విడాకుల పత్రం కావాలి. యుక్తవయస్కురాలి ఇష్టం లేకుండా అది చెల్లదు. మైనరు కూతురిని ఇచ్చే అధికారం తండ్రికున్నా, ఆమె ఎదిగి ఫలానావాడు కావాలనేదాకా ఆగాలని యూదుల ధర్మగ్రంథమైన తల్మూద్‌లో రవ్ అనే పండితుడి మాట.