పల్లాడియాన్ని వడగట్టిన తార్నాక

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఎమ్మెస్సీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఎల్బీనగర్‌లో బస్సెక్కి నాగోలు, ఉప్పల్ దాటి హబ్సిగూడ వైపు వెళ్తే తార్నాకలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) వస్తుంది. ఇంత దగ్గర్లో ఉన్న శాస్త్రవేత్తల పేరెత్తితే పిల్లలు ముందు అడిగేది ఒకటే: "సార్, హెచ్-ఇండెక్స్ ఎంత?" అంకె చెప్పను. ముందు పేపరు చదవమంటాను.

ఆ సంస్థ 1944లో, నిజాం పాలనలో పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధన కోసం పుట్టింది. తొలినాళ్లలో దాన్ని నడిపించినవారు సయ్యద్ హుస్సేన్ జహీర్. 1956లో కౌన్సిల్ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ (సీఎస్ఐఆర్) కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ (ఆర్.ఆర్.ఎల్.) అయింది, పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. 1989లో ఐఐసీటీ అయింది. అది మొదలైననాటికి శాస్త్రాలకు సైటేషన్ల సూచీయే లేదు. యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చులోకి వచ్చింది 1960లలో. హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించింది 2005లో: ఒకరివి 40 పేపర్లు, ఒక్కొక్కదాన్నీ కనీసం 40 సార్లు ఉటంకిస్తే హెచ్ 40.

నేను చదివించే పేపరు 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చింది. బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, వాళ్ల సహచరులు రాసినది. కార్బన్-కార్బన్ బంధాలు కలిపే హెక్, సుజుకీ చర్యలకు పల్లాడియం కావాలి. అది ఖరీదైన లోహం. ద్రావణంలో కరిగిపోతే తిరిగి రాబట్టడం కష్టం. మందులో మిగిలితే మరీ ప్రమాదం, మిలియన్‌లో కొన్ని పాళ్లకు మించి ఉండనివ్వరు. మందుల కంపెనీలున్న ఈ ఊళ్లో ఆ బాధ అందరికీ తెలుసు. పైగా చవకగా దొరికే క్లోరోఎరీన్లు ఓ పట్టాన లొంగవు. కార్బన్-క్లోరిన్ బంధం అంత గట్టిది.

ఈ పేపరు రాసినవాళ్లు మెగ్నీషియం, అల్యూమినియంల హైడ్రాక్సైడ్ పొరలు తీసుకున్నారు. పూతరేకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే ఆ పదార్థంలోని క్లోరైడ్ అయాన్ల స్థానంలో పల్లాడియం ఉన్న అయాన్లను చేర్చి, క్షయకరణంతో నానో కణాలుగా మార్చారు. ఖరీదైన ఫాస్ఫీన్ లైగాండ్లు అక్కర్లేకపోయింది. ఆ పొరల క్షారగుణమే వాటి పని చేసింది. చర్య అయ్యాక ఉత్ప్రేరకాన్ని వేరుచేసి మళ్లీ వాడుకోవచ్చు. అంతకు ముందు ఏడాదే ఇదే బృందం విషపూరితమైన ఆస్మియాన్ని అదే తరహా పొరల మీద నిలిపింది. ఆస్మియం చర్యలపై పనిచేసిన షార్ప్‌లెస్‌కు నోబెల్ వచ్చిన ఏడాది అది. హెక్, నెగీషి, సుజుకీలకు 2010లో వచ్చింది. లక్ష్మీకాంతం గారు 2013లో ఐఐసీటీకి తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు.

ఈ వరుస చెప్పినప్పుడు నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

సైటేషన్ల అంకె ఒక విషయం చెప్పదు. ఉటంకించినవాళ్లు ఆ పద్ధతితో నిజంగా పని చేశారా, లేక ఉపోద్ఘాతంలో ఒక వాక్యం కోసం పేరు రాశారా? రెండూ ఒక్కో సైటేషన్‌గానే లెక్కకొస్తాయి. అందుకే పిల్లలకు పని పెడతాను: ఉటంకించిన పేపర్లు కొన్ని తెరిచి, ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి. ప్రయోగ విభాగంలో ఉంటే ఉత్ప్రేరకాన్ని ఎన్నిసార్లు తిరిగి వాడారో, ద్రావణంలోకి ఎంత పల్లాడియం జారిందో రాసుకు రండి. అవి రాసుకొచ్చాకే హెచ్-ఇండెక్స్ గురించి మాట్లాడతాం.