నూటనలభై కోట్లు, యాభై మంది

మా సోషల్ సార్ ఈసారి చరిత్ర వ్యాసానికి ఒక షరతు పెట్టినారు. రెండు ప్రాంతాలను పోల్చాలి. అందులో ఒకటి మన భారతదేశం అయి ఉండాలి. మా పదో తరగతిలో మేము తొమ్మిది మందిమి. నలుగురు చైనా తీసుకున్నారు, ఇద్దరు అమెరికా, ఒకరు జపాన్, ఒకరు శ్రీలంక. నా వంతు వచ్చినప్పుడు నేను "పిట్‌కెయిర్న్ దీవి సార్" అన్నాను.

"అక్కడ ఎంతమంది ఉంటారు?" అని సార్ అడిగినారు.

"దాదాపు యాభై మంది సార్."

తరగతంతా నవ్వింది. "యాభై మందికి చరిత్ర ఏముంటుంది? మా అన్న పెళ్లికి వచ్చినవాళ్లే ఐదొందల మంది" అని వెనక బెంచీ నుంచి ఒకడు అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇలాంటి మాట నేను ముందే విన్నాను. ఒకసారి మా తెలుగు పాఠ్యపుస్తకాలు ఆలస్యమైతే మా నాయన పోయి అడిగినాడు. అక్కడ ఒకాయన "తొమ్మిది మంది పిల్లోళ్ల కోసం ఇంత తొందర దేనికి?" అన్నాడంట. తక్కువ మంది ఉంటే తక్కువ విలువా? ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబు దొరుకుతుందేమో అని చూడడానికే నేను ఆ దీవిని ఎంచుకున్నాను.

పదిహేనేళ్ల కుర్రాడు చూసిన దీవి

పిట్‌కెయిర్న్ దక్షిణ పసిఫిక్ సముద్రంలో ఉంది. మా బడిలో ఉన్న గ్లోబు మీద అది చీమ తలకాయంత కూడా లేదు. న్యూజీలాండ్ నుంచి ఐదు వేల కిలోమీటర్లకు పైగా దూరం. దీవి వైశాల్యం సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. విమానాశ్రయం లేదు. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా ఆగితే దీవివాళ్లు పొడవాటి పడవల్లో పోయి మనుషులను, సరుకులను దించుకుంటారు. ఊరు ఒకటే, దాని పేరు ఆడమ్స్‌టౌన్.

1767లో ఒక ఇంగ్లీషు ఓడ అటుగా పోతుండగా రాబర్ట్ పిట్‌కెయిర్న్ అనే కుర్రాడు ఈ దీవిని మొదట చూసినాడు. అతని వయసు పదిహేనేళ్లు, అంటే నా వయసే. అతని పేరే దీవికి పెట్టినారు. అయితే ఇంగ్లీషువాళ్లు చూడక ముందే పాలినేషియా జనం అక్కడ నివసించి, ఎప్పుడో వెళ్లిపోయినారు. వాళ్ల రాతి పనిముట్లు, రాతి విగ్రహాలు తర్వాత దొరికాయి. కాబట్టి "కనిపెట్టినారు" అనే మాటను చరిత్రలో జాగ్రత్తగా వాడాలి.

ఓడ కెప్టెన్ ఆ దీవిని పటంలో తప్పు చోట గుర్తుపెట్టినాడు. ఆ తప్పే తర్వాత కొందరి ప్రాణాలు కాపాడింది.

బౌంటీ అనే ఓడ 1787లో ఇంగ్లండ్ నుంచి తాహితీకి బయలుదేరింది. అక్కడి సీమపనస మొక్కలను వెస్టిండీస్‌కు తీసుకుపోవాలి. ఎందుకంటే అక్కడి తోటల్లో పనిచేసే బానిసలకు తక్కువ ఖర్చుతో తిండి కావాలి. 1789 ఏప్రిల్ 28న ఫ్లెచర్ క్రిస్టియన్ అనే అధికారి, మరికొందరు నావికులు కెప్టెన్ బ్లై మీద తిరగబడ్డారు. బ్లైనీ, అతని వైపు ఉన్న 18 మందినీ చిన్న పడవలో దించేసినారు. తిరుగుబాటుదారుల్లో తొమ్మిది మంది, పాలినేషియా ఆడవాళ్లు, మగవాళ్లు కొందరు కలిసి దాక్కునే చోటు వెతుక్కుంటూ 1790లో పిట్‌కెయిర్న్ చేరినారు. మొత్తం ముప్పై మంది కూడా లేరు. పటంలో దీవి ఉండాల్సిన చోట లేదు కాబట్టి తమను ఎవరూ పట్టుకోలేరని అనుకున్నారు. జనవరి 23న ఓడను తగలబెట్టినారు. మనం జనవరి 26న జెండా ఎగరేస్తాము, వాళ్లు అంతకు మూడు రోజుల ముందు బౌంటీ దినం జరుపుకుంటారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అదే కాలంలో మా ప్రాంతంలో టిప్పు సుల్తాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ యుద్ధం జరుగుతూ ఉంది. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ కంపెనీ చేతికి పోయింది. మా జిల్లా కేంద్రం కృష్ణగిరి బారామహల్‌లోదే. అంటే ఆ చిన్న దీవి కథా, మా ఊరి కథా ఒకే సామ్రాజ్యం నీడలో నడిచినాయి.

చిన్న చోటు మంచి చోటేనా?

చిన్న ఊరు అంటే అందరూ కలిసిమెలిసి ఉంటారని నేను అనుకున్నాను. చదివితే అట్లా లేదు. తెల్లవాళ్లు భూమిని తమలో తాము పంచుకొని పాలినేషియా మగవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఆడవాళ్లను వస్తువుల్లా చూసినారు. గొడవలు హత్యల దాకా పోయినాయి. 1808లో టోపాజ్ అనే అమెరికా ఓడ ఆ దీవికి వచ్చేసరికి, వచ్చిన మగవాళ్లలో జాన్ ఆడమ్స్ ఒక్కడే బతికి ఉన్నాడు. మిగతావాళ్లంతా ఆడవాళ్లు, పిల్లలు. కాబట్టి తక్కువ మంది ఉన్నంత మాత్రాన న్యాయం దానంతట అదే రాదు. న్యాయానికి చట్టం కావాలి.

ఆ చట్టం 1838లో వచ్చింది. రస్సెల్ ఇలియట్ అనే బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ ఫ్లై అనే ఓడలో వచ్చినాడు. దీవివాళ్లు తమకు రక్షణ కావాలని అడిగితే అతను కొన్ని నియమాలు రాసి ఇచ్చినాడు. అప్పుడు అక్కడ ఉన్నది సుమారు వందమంది. ఊరి పెద్దను ప్రతి ఏడాదీ ఓటు వేసి ఎన్నుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండిన మగవాళ్లకూ, ఆడవాళ్లకూ ఓటు ఉంది. పిల్లలను తప్పనిసరిగా బడికి పంపాలి.

నేను ఈ వాక్యాలు రెండుసార్లు చదివినాను. ఇలియట్ సొంత దేశం బ్రిటన్‌లో ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చింది 1928లో. తన దేశంలో లేని హక్కును అతను పసిఫిక్‌లో ఒక రాయి మీద రాసి పోయినట్టు అయింది. ఎందుకు సాధ్యమైంది? నా ఊహ ఇది. మగవాళ్లంతా చచ్చిపోయినాక ఆ ఊరిని నిలబెట్టింది ఆడవాళ్లే. పంట వేసి, పిల్లలను పెంచి, చెట్టు బెరడుతో గుడ్డ తయారు చేసింది వాళ్లే. అట్లాంటి ఊర్లో "మీకు ఓటు లేదు" అని వాళ్ల ముఖం మీద చెప్పేది ఎవరు?

మన దేశం లెక్క

ఇప్పుడు మన దేశానికి వస్తాను. 2023లో ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం చైనాను దాటి మనం ప్రపంచంలోనే ఎక్కువ జనాభా ఉన్న దేశం అయినాము. నూటనలభై కోట్లను యాభైతో భాగిస్తే ఒక్కో పిట్‌కెయిర్న్ మనిషికి మనవాళ్లు రెండు కోట్ల ఎనభై లక్షల మంది వస్తారు. ఈ లెక్క చూస్తే పోలికే లేదనిపిస్తుంది.

కానీ హక్కుల తేదీలు పక్కపక్కన రాస్తే వేరే విధంగా కనిపిస్తుంది. మా ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటు ఇవ్వడానికి ఒప్పుకుంది, కానీ ఆస్తిలాంటి అర్హతలు ఉన్నవాళ్లకే. వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు మన రాజ్యాంగంతో 1950లో వచ్చింది. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువును హక్కు చేసిన చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఈ మూడింటిలోనూ యాభై మంది దీవి మనకంటే ముందుంది.

"వందమందికి ఓటు ఇవ్వడం ఏం గొప్ప? చేతులెత్తమంటే సరిపోతుంది" అని నా స్నేహితురాలు అన్నది. అది నిజమే. మన మొదటి ఎన్నికలు 1951-52లో నెలల తరబడి జరిగినాయి. ఓటర్లు 17 కోట్లకు పైగా. వాళ్లలో చాలామందికి చదవడం రాదు. అందుకని పార్టీలకు గుర్తులు ఇచ్చినారు. ఇంత పెద్ద దేశంలో బీదవాళ్లకు, చదువు లేనివాళ్లకు అందరికీ ఒకేసారి ఓటు ఇచ్చినది మన రాజ్యాంగం. అది ఆ దీవి చేసినదాని కంటే చాలా కష్టమైన పని.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంది. అక్కడ మాలోగాం అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం 2019లోనూ, 2024లోనూ పోలింగ్ కేంద్రం పెట్టినారు. ఉద్యోగులు కొండలెక్కి నడిచిపోయినారు. "ఒక్కరి కోసం ఇంత తొందర దేనికి?" అని ఎవరూ అనలేదు. నూటనలభై కోట్ల దేశం ఒక్క మనిషిని లెక్కలోకి తీసుకున్నప్పుడే అది నిజంగా పెద్ద దేశం అనిపించుకుంటుంది.

స్వతంత్రం ఉన్నవాళ్లు, లేనివాళ్లు

ఒక పెద్ద తేడా ఉంది. మనం 1947 నుంచి స్వతంత్ర దేశం. పిట్‌కెయిర్న్ ఈ రోజుకూ బ్రిటన్ కింద ఉన్న ప్రాంతం. దాని గవర్నరు న్యూజీలాండ్‌లో ఉండే బ్రిటిష్ హైకమిషనరు. ఐక్యరాజ్యసమితి జాబితాలో అది ఇంకా స్వయంపాలన లేని ప్రాంతమే. స్టాంపులు, తేనె, చేతిపనులు అమ్ముకుంటారు గానీ, ఓడ ఖర్చుకూ వైద్యానికీ బ్రిటన్ డబ్బు కావాలి. స్వతంత్రం అంటే జెండా ఒకటే కాదు, దాన్ని మోసే మనుషులు కూడా కావాలి.

1856లో దీవి ఇరుకైపోయిందని అందరూ నార్‌ఫోక్ దీవికి వెళ్లిపోయినారు. కానీ 1859లో 16 మంది తిరిగి వచ్చేసినారు. తర్వాత ఇంకొందరు వచ్చినారు. 1937లో 233 మంది ఉన్నారు. అప్పటి నుంచి చదువుకనీ, పనికనీ పిల్లలు వెళ్లిపోతూ వచ్చినారు. ఇప్పుడు అక్కడివాళ్ల భయం ఇరుకు కాదు, ఖాళీ. వాళ్లకు పిట్‌కర్న్ అనే సొంత భాష ఉంది. ఇంగ్లీషు, తాహితీ మాటలు కలిసి పుట్టిన భాష. దాన్ని ఇళ్లలో మాట్లాడుకొని రెండొందల ఏళ్లు నిలబెట్టినారు.

మా తొమ్మిది మంది

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు ఎనిమిది కోట్ల మంది. పిట్‌కర్న్‌తో పోలిస్తే మాకు భయమే ఉండకూడదు. కానీ మా హోసూరు వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ, తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. మా తమ్ముడు ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగులోనే కొట్లాడతాడు, గోడ మీది తెలుగు అక్షరం మాత్రం చదవలేడు. నిజం చెప్పాలంటే ఎనిమిదో తరగతిలో నేను కూడా "నన్నూ మార్చు నాయనా" అని అడిగినాను.

ఇప్పుడు అడగను. మన రాజ్యాంగం 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు సొంత బడులు పెట్టుకునే హక్కు ఇచ్చింది. 1956లో రాష్ట్రాలు భాషల ప్రకారం విడిపోయినప్పుడు 350ఎ అధికరణం చేర్చినారు. సరిహద్దుకు అవతల మిగిలిపోయిన మా లాంటి పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో దొరకాలని దాని ఉద్దేశం. అందులో ఎక్కడా "ఇంతమంది ఉంటే విలువ ఎక్కువ" అని రాయలేదు. కానీ హక్కు కాగితం మీద ఉన్నా, బడికి వచ్చే పిల్లలు లేకపోతే బడి ఉండదు. ఇది పిట్‌కెయిర్న్ నేర్పిన రెండో పాఠం.

వ్యాసం అయినాక మా అవ్వకు చదివి వినిపించినాను. అవ్వకు చదువు రాదు. ఓట్ల సంగతి వచ్చినప్పుడు ఆపి, "నేను వేలిముద్ర ఏసే ఓటేసినా పాపా. నీ చదువెంత అని నన్నెవురూ అడగలే" అన్నది. తర్వాత మా తమ్ముడి వైపు చూసి "వాడికీ చదవను నేర్పు" అన్నది.

ఆదివారాలు నేర్పుతున్నాను. గుణింతాల దాకా వచ్చినాము.