హొన్నుకు నాలుగా, ఐదా?

సాగర్ రోడ్డు మీది ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఇబ్రహీం కుతుబ్ షా (1550–80) హయాం నాటిది. దాని కింద ఎంత నేల తడిసేదో, ఎన్ని పుట్ల వడ్లు పండేవో ఊరి కరణానికి తెలుసు. ఆగ్రాలోని మొగలాయిలకు, మచిలీపట్నంలో దిగిన ఇంగ్లిష్ వర్తకులకు ఆ చిట్టా దొరకదు. అయినా గోల్కొండ ఎంత బరువైన రాజ్యమో వాళ్లకు తెలిసి తీరాలి.

1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలు చూసిన విలియం మెత్‌వొల్డ్ వేలంపాటల మీద చెవి వేశాడు. ఏటా జులైలో ప్రాంతాల పన్ను వసూలును ఎక్కువ పాడినవాడికి గుత్తకిచ్చేవారు. పాట ఎంతకు పోయిందో బజారులో దాగదు కదా! రాజు రాబడి 25 లక్షల పగోడాలని చెప్పుకుంటారని అతను రాశాడు. పగోడా అంటే బంగారు హొన్నే. ఒక్కోటి ఏడున్నర షిల్లింగుల చొప్పున తొమ్మిది లక్షల పౌండ్ల పైమాటే. కృష్ణ ఒడ్డున వజ్రాల గనికీ వెళ్లి చూశాడు. అది కొల్లూరేనని చరిత్రకారులంటారు. ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఏడాదికి గుత్త 3 లక్షల పగోడాలు, పది క్యారెట్లు దాటిన రాయి రాజుదే, పనివాళ్లు 30,000 మంది అని రాసుకున్నాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వర్తకుడు టావెర్నియే 60,000 అన్నాడు. తలలు లెక్కపెట్టిందెవరు?

గుత్త లెక్కకూ ఒక లోపముంది. గుత్తదారు పైన ఎంత పిండుకున్నాడో అందులో కనిపించదు. ఆశకు పోయి పాడి, కట్టలేక చితికినవాళ్లూ ఉన్నారు. బాకీ పడ్డ ఒక మచిలీపట్నం అధికారిని బెత్తాలతో కొట్టి చంపారని మెత్‌వొల్డే చెప్పాడు. అంటే ఆ 25 లక్షలు అసలు రాబడికి ఎక్కువో తక్కువో కావచ్చు.

మొగలాయిలది మరో దారి. 1636 ఒడంబడికతో గోల్కొండ రాజు అబ్దుల్లా కుతుబ్ షా ఏటా 2 లక్షల హొన్నుల కప్పానికి ఒప్పుకున్నాడు. హొన్నుకు నాలుగు రూపాయల లెక్కన 8 లక్షలు కట్టేవాడు. బజారులో హొన్ను నాలుగున్నరకు, ఐదుకు ఎగబాకింది. దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు, పాతబడిన మారకం వల్ల పోయిన తేడా 20 లక్షలు ఇవ్వమన్నాడు. గోల్కొండలో ఒక్క మడి పెరగలేదు, ఒక్క వజ్రం అదనంగా దొరకలేదు. బాకీ మాత్రం పెరిగింది. సోవియట్ ఆర్థిక వ్యవస్థ అమెరికా దాంట్లో సగానికి పైనే ఉంటుందని సీఐఏ అంచనా కట్టిన రోజుల్లోనూ చిక్కు ఇలాంటిదే. రూబుల్‌ను ఏ ధరకు డాలర్ చేయాలి? ఆ అంచనా ఎక్కువని తర్వాత చాలామంది తప్పుపట్టారు.

నా దృష్టిలో ఈ లెక్కలన్నిటికంటే ఔరంగజేబుకు పనికొచ్చినవాడు మీర్ జుమ్లా. గోల్కొండ మంత్రి, వజ్రాల వ్యాపారి. రాజ్యం లోగుట్టంతా ఎరిగినవాడు. రాజుతో చెడి మొగలాయిల పంచన చేరాడు. అతని కొడుకును రాజు బంధించడం దండయాత్రకు సాకైంది. 1656 జనవరిలో మొగల్ సేన హైదరాబాద్‌లో దిగింది. మార్చి ఆఖరున చక్రవర్తి షాజహాన్ ఆజ్ఞతో గోల్కొండ ముట్టడి ఎత్తేశారు గానీ, అబ్దుల్లా భారీ నష్టపరిహారానికి ఒప్పుకుని, కూతురిని ఔరంగజేబు కొడుకుకిచ్చి పెళ్లి చేయాల్సి వచ్చింది. మీర్ జుమ్లా అదే ఏడు షాజహాన్ వజీరయ్యాడు.