ఎర్ర బటన్

మొన్నామధ్య యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడు చాంద్రాయణగుట్టలో మా ఇల్లు వెతుక్కుంట వచ్చిండు. చేతిలో అచ్చేసిన ప్రశ్నల కాగితం. పాటలు దేంట్ల వింటరు, ఏది ఎక్కువ ఇష్టం అని ప్రశ్న. కింద వరసగా గళ్లు. గ్రామఫోను రికార్డు, రేడియో, క్యాసెట్టు, సీడీ, ఫోను. "అన్నా, ఒక్కదానికి టిక్కు పెట్టు చాలు" అన్నడు. నేను శానసేపు ఆ గళ్లనే చూసుకుంట కూసున్న. డప్పుకు గడి లేదు. హోటల్ బయట నిలబడి ఇన్నదానికి గడి లేదు. "తమ్మీ, మాకు ఇష్టం సంగతి తర్వాత. ఏ మిషను మాదాక వచ్చింది, ఏది రాలే, అది ముందు అడుగు. చాయ్ తాగు, చెప్త" అన్న. ఆ పిల్లగానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్న. కొన్ని అప్పుడు చెప్పలేకపోయినవి కూడా.

మేము మాదిగలం. మా నాయినది పాలమూరు దిక్కు ఊరు. కరువుకు పట్నం వచ్చి గుట్ట కింద గుడిసె వేసిండు. అప్పటికి ఇది పట్నం గాదు, పట్నం అంచు. ఒక దిక్కు కేశవగిరి, ఇంకో దిక్కు బార్కస్, అటు పైకి ఫలక్‌నుమా. ఊరి నుంచి నాయిన తెచ్చుకున్న సామానులో పని ముట్లు గాక ఒకే ఒక్క వస్తువు డప్పు. అవ్వ మున్సిపాలిటీల రోడ్లు ఊడ్చేది.

డప్పును ఎవరూ మ్యూజిక్ మిషను అనరు గని, దాని పనితనం చూసినోనికి తెలుస్తది. గుండ్రటి కట్టె చట్రానికి తోలు బిగించాలె. కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల. వానాకాలం తోలు సడలి బుడబుడ మంటది. అప్పుడు గడ్డి మంట పెట్టి కాచాలె. నాయిన కాచేటప్పుడు మాట్లాడకపోయేది. కాచి, వేలితో ఒకసారి కొట్టి, చెవి ఒగ్గి, మళ్లీ కాచేది. ఇంకొంచెం కాగితే తోలు పగుల్తది, కొంచెం తక్కువైతే మూగబోతది. చావుకు ఒక దెబ్బ, పెండ్లికి ఒక దెబ్బ, బోనానికి ఇంకో దెబ్బ. ఊర్లె ఇంత తెలిసిన మనిషిని "అరేయ్" అనే పిలిచిండ్రు. దండోరా వేయించుకున్నరు, శవం ముందు నడిపించుకున్నరు, గింజలు కొలిచి ఒళ్లె పోసిండ్రు. సంగీతం అనే మాట మాత్రం ఆ వాకిట్లకు ఎన్నడూ రాలే.

బార్కస్ అంటే సిపాయిల బ్యారక్సు. నిజాం ఫౌజులో పనిచేసిన అరబ్బులు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినోళ్లు, అక్కడే నిలబడిపోయిండ్రు. వాళ్ల పెండ్లిళ్లల మర్ఫా మోగేది. ఆ వాయిద్యం ఈ పట్నానికి అరబ్బులతోటి, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతోటి వచ్చింది. ఇయ్యాల గణేశుడి ఊరేగింపుల దాక అందరూ ఎగిరే తీన్‌మార్ ఆ మర్ఫా దెబ్బే. ఒకనాడు రాత్రి నాయిన నన్ను భుజం మీద ఎక్కించుకొని ఒక పెండ్లి పందిరి బయట నిలబడి, తొడ మీద వేళ్లతో ఆ దెబ్బ పట్టుకుంటున్నడు. వాయించే ముసలాయన చూసిండు. "ఆవో ఉస్తాద్" అని లోపలికి పిలిచిండు. నాయిన ఆ మాట సచ్చేదాక చెప్పుకున్నడు.

ఇగ రికార్డుల సంగతి. ఈ దేశంలో తొలి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగినయి. గౌహర్ జాన్ గొంతు అప్పుడే రికార్డుకెక్కింది. ఆ కాలపు రికార్డు లక్కతో చేసేది. నిమిషానికి 78 చుట్లు, ఒక వైపు మూడు నిమిషాల పాట. లక్కను అడవిలో కొమ్మల మీద నుంచి గీకి తెచ్చింది ఎక్కువగా ఆదివాసీలు. ఆ లక్క పళ్లెమై తిరిగింది దేవిడీలల్ల, దివాన్‌ఖానాలల్ల. మూడు నిమిషాలకు మా అవ్వ నాటు పాట గొంతు సవరించుకునుడు కూడా కాదు. పొలంల ఒక మడి అయిపోయిందాక పాడేటోళ్ల పాట ఆ పళ్లెంల ఎట్ల పడతది?

అదే కాలంలో, ఇదే హైదరాబాదులో, భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. మాల మాదిగ బస్తీలల్ల హరికథలు చెప్పించిండు. తాగుడు వద్దని, బాల్య వివాహాలు వద్దని, పిల్లలను దేవునికి విడువద్దని. మైకు లేదు, రికార్డు లేదు. చదువు రానోళ్లకు మాట చేరాలంటే మనిషి గొంతే సాధనం. మన చరిత్రల పాట వినిపించే సామాను గురించి రాయాలంటే ఆ హరికథ గద్దె నుంచి మొదలుపెట్టాలె అని నేనంట.

రేడియో మా బస్తీకి గోడ బయట నుంచి వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిల కలిసింది. రేడియో ఉంచుకోవాలంటే పోస్టాఫీసుల పైసలు కట్టి లైసెన్సు తీసుకోవాలె. 1980ల నడుమ దాక ఆ పద్ధతి ఉండె. మాకు లైసెన్సు మాట ఎందుకు, రేడియోనే లేదు. చౌరస్తాల ఇరానీ హోటల్ ఉండేది. లోపల కూసుంటే చాయ్ కొనాలె, బయట నిలబడితే ఉత్తదే. ఎంతోమంది పనోళ్లు గంప కింద పెట్టి ఒక పాట అయిందాక నిలబడేది. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ హయాంల ఆకాశవాణి సినిమా పాటలను పక్కకు నూకితే జనం రేడియో సిలోన్ దిక్కు తిరిగిండ్రు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టక తప్పలే. అంతకు ముందే, 1940లో, హార్మోనియంను ఆకాశవాణి నిషేధించింది. అది మన సంగీతానికి సరిపడే వాద్యం గాదట. 1970ల దాక ఆ నిషేధం సడలలే. పెండ్లి పీటల కాడ, భజన మండపంల కూసునే హార్మోనియంనే గడప తొక్కనియ్యనోళ్లు మా నాయిన డప్పును పిలిచి సోఫాల కూసోబెడ్తరా? జానపద గీతాలు వచ్చేవి, లేవని అనను. మెత్తగా కడిగి, తల దువ్వి తెచ్చిన పాటలవి. అవ్వ ఇని, "ఈమె ఎన్నడన్న నాటేసిందా?" అనేది.

నాకు పదమూడేండ్లప్పుడు, 1979ల, మైకు సెట్టు దుకాణంల పనికి కుదిరిన. యాంప్లిఫయరు, బ్యాటరీ, రికార్డు ప్లేయరు, రెండు హారన్లు. హారన్లను యాప చెట్టు కొసకు ఎక్కించి కట్టుడు నా పని. హారన్ల లావు శబ్దం పలకదు. తబలా ఎడమ చెయ్యి ఇనపడదు, గొంతు మాత్రం కీచుమని పొలిమేర దాటిపోతది. చదువుకున్నోళ్లు దాన్ని వెక్కిరిస్తరు గని, ఊరోళ్లకు కావల్సింది అదే. పెండ్లి అయితున్నట్టు పక్కూరికి తెలవాలె. శుద్ధమైన శబ్దం ఎవనికి కావాలె?

బాలాపూర్ అవతల ఒక ఊర్లె స్వామి ఉపన్యాసం. చెట్టెక్కి హారన్లు కట్టి దిగిన. మైకు పని చేస్తుందో లేదో చూడాలె గద, పట్టుకొని "హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు" అన్న. నా గొంతు చెట్టు మీద నుంచి ఊరంత పరుచుకుంది. ఒళ్లు జలదరించింది. ఒక పెద్దమనిషి వచ్చి "ఎవల పోరడురా" అని అడిగిండు. చెప్పిన. మా సేటును పక్కకు పిలిచి ఏదో అన్నడు. సేటు బకెట్ల బట్ట ముంచి, పిండి, ఆ మైకును తుడిచిండు. నా దిక్కు చూడలే. వైరు గుంజేటందుకు, చెట్టెక్కేటందుకు పనికొచ్చిన చెయ్యి, గొంతు దగ్గరికి వచ్చేసరికి మైలపడ్డది. మల్ల ఆ దుకాణానికి పోలే.

1980లల్ల బార్కస్ ఇండ్లల్ల టూ ఇన్ వన్‌లు దిగినయి. జిద్దాకు, కువైట్‌కు పోయినోళ్లు తెచ్చిన నేషనల్ పానసోనిక్, షార్ప్. నా దోస్తు అన్న తెచ్చిన దాన్ని వాళ్లింట్ల, దరీ మీద కూసొని ఇన్న. ఒక ఇంటి లోపల కూసొని పాట ఇనుడు నాకు అదే మొదటిసారి. ఖవ్వాలీ ఒకవైపు, మల్ల సినిమా పాట, నడుమ వాళ్లమ్మ ఉత్తరం చదివి నింపిన క్యాసెట్టు. ఆమెకు రాయ రాదు, కొడుకుకు గొంతే పంపేది.

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటికి తెచ్చింది. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని సన్న రిబ్బను, దాని మీద ఐరన్ ఆక్సైడ్ పొడి. అంటే మన మాటల తుప్పే. తుప్పు మీద పాట నిలబడుడు నాకు ఇప్పటికీ వింతే. రికార్డు అచ్చు వేయాలంటే ఫ్యాక్టరీ కావాలె. ఈ దేశంల శానా ఏండ్లు ఆ పెత్తనం హెచ్.ఎం.వి.దే. ఏ పాట లోకం మీదికి రావాలనేది వాళ్ల చేతిలుండె. క్యాసెట్టు ఆ గుత్తను పగలగొట్టింది. టీ సిరీస్ అసోంటి కంపెనీలు అగ్గువకు నింపి గల్లీగల్లీల అమ్మినయి. కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే నింపిచ్చే దుకాణాలు లేసినయి. బ్యాటరీ తగ్గితే గొంతు సాగుతది, రిబ్బను చిక్కుకుంటే పెన్సిల్‌తో చుట్టాలె. ఐనా మా బస్తీ మనసు పడ్డది దాని మీదే. ఎందుకంటే దానికి ఒక ఎర్ర బటన్ ఉంది. ఒత్తితే, మన గొంతు కూడా దాంట్ల పడతది. ఏ రేడియో స్టేషనూ, ఏ కంపెనీ మేనేజరూ మనను పరీక్ష పెట్టేది లేదు.

కారంచేడు 1985 జూలైల. ఆ తర్వాతి ఏండ్లల్ల మా పోరగాండ్లకు బడి క్యాసెట్టే. గద్దర్ తూప్రాన్ దళిత బిడ్డ అని, ఆయన జననాట్యమండలి పాటలు అజ్ఞాతంల ఉన్నప్పుడు కూడా ఇండ్ల గడప దాటి వస్తున్నయని మాకు తెలిసింది వాటితోనే. ఒకదాని మీద నుంచి ఇంకోటి, దాని మీద నుంచి మరోటి నింపేది. నాలుగో కాపీకి వచ్చేసరికి పాట వెనక వాన కురిసినట్టు సప్పుడు. పోలీసులు వస్తరంటే బియ్యం డబ్బల దాచేది. 1990 ఫిబ్రవరిల నిజాం కాలేజీ మైదానంల ఆయన జనం ముందుకు వచ్చిండు. అదే ఏడు డిసెంబర్ల పాతబస్తీ కర్ఫ్యూ. తలుపులు మూసుకొని, దుప్పటి కప్పి, సన్నగా పెట్టుకొని ఇన్నం. పక్కింటి సాయిబు గోడ తట్టి "థోడా ఆవాజ్ బఢావో" అన్నడు.

ఇప్పుడు తమ్మికి చెప్పనిది. 1988ల జుమ్మేరాత్ బజార్ల పాత టూ ఇన్ వన్ కొన్న. ఒక తొంభై నిమిషాల క్యాసెట్టు, ఒకవైపంత అవ్వ పాటలు నింపిన. నాట్ల పాటలు, ఏడుపు పాటలు, మున్సిపాలిటీ జవాను మీద తానే కట్టిన ఒక తిట్ల పాట. నాయిన వెనక డప్పు పట్టిండు. క్యాసెట్టు వెనక అంచుకు రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలుంటయి. ఇరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. నేను ఇరవలే. పైసలు పెట్టి కొన్నదాన్ని ఎందుకు ఇరవాలె అనిపించింది.

1991 ఆగస్టు 6న చుండూరు. ఆ వారంల సభలకు పంపేటందుకు పాటల క్యాసెట్లు కావాలె. మా ఇంట్ల రెండు మిషన్లు ఎదురెదురు పెట్టి రాత్రంత నింపినం. తెల్లారగట్ల ఖాళీ క్యాసెట్లు ఒడిసినయి. ఇంకొక్కటి తక్కువ పడ్డది. దుకాణాలు బంద్. చేతికి అందింది అవ్వది. అవ్వ ఇంట్లనే ఉంది గద, మల్ల పాడిద్దం అనుకున్న. ఎర్ర బటన్ ఒత్తిన. ఆ పాటలల్ల అమ్మల దుఃఖం గురించే ఉంది. అవ్వ మూలకు పండుకొని చూస్తనే ఉంది, ఒక్క మాట అనలే. ఎవరికి పంపుతమన్న ఆ క్యాసెట్టు చివరికి ఎవరూ తీసుకపోలే, ఇంట్లనే మిగిలింది. 1994ల అవ్వ పోయింది. మల్ల పాడిచ్చుడు కాలే.

ఆ తర్వాత వచ్చినవాటి గురించి ఎక్కువ రాయ బుద్ధి గాదు. సీడీలు వచ్చినయి, ఒక్క ఎంపీత్రీ సీడీల నూరు పాటలు. మెమొరీ కార్డుల పాటలు నింపే దుకాణాలు వచ్చినయి. ఇప్పుడు ఫోన్ల లోకంల పాటలన్నీ ఉన్నయి గని, గోడ తట్టేటోడు లేడు, ఎవని చెవుల వాని వైరు. ఊరేగింపులకు డీజే బాక్సులు దిగి గుండెలు అదరగొట్టినయి. దాంట్ల మోగేది డప్పే, కొట్టేటోడు మాత్రం లేడు. మా నాయిన తోటోళ్ల కొడుకులకు కిరాయి పోయింది. 2024 అక్టోబర్ల పోలీసులు ఊరేగింపులల్ల డీజే బంద్ పెట్టినంక కొందరికి మల్ల పిలుపు వచ్చింది. పాత రికార్డులు వేలు పెట్టి కొని అద్దాల బీరువల పెట్టుకునేటోళ్లు కూడా ఉన్నరు. వాళ్ల సరదా వాళ్లది.

తమ్మి పోయినంక ట్రంకు పెట్టె తీసిన. ఆ క్యాసెట్టు బూజు పట్టి ఉంది. కోఠి గుజరాతీ గల్లీల పాత మిషన్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకపోయిన. రిబ్బనును ఒత్తిపట్టే దూది ముక్క ఊడిపోయిందని చూపించిండు. రీలు విప్పి, మెల్లగ తుడిచి, కొత్త డబ్బల ఎక్కించిండు. ఆడిచ్చినం. ముప్ఫై నాలుగు నిమిషాలు మా సభల పాటలు. అవి అయిపోయినయి. ఒక టక్కు సప్పుడు. వైపుకు నలభై ఐదు నిమిషాలు గద. నేను చెరిపింది అంతవరకే.

అవ్వ దగ్గు. "తిరుగుతుందారా ఇది?" అని అడుగుతుంది. వెనక నాయిన వేలితో తోలు కొట్టి చూస్తున్నడు. కాగలే అన్నట్టు ఆగుతున్నడు. దూరంగ బార్కస్ దిక్కు నుంచి అజాన్. అది అయిందాక అవ్వ ఆగింది. అయినంక ఎత్తుకుంది, జవాను మీద తిట్ల పాట.

పదకొండు నిమిషాలు. అది ఫోన్లకు ఎక్కించుకున్న. కోఠి బస్టాపుల నిలబడి, జేబుల నుంచి తాళంచెవి తీసి, ఆ డబ్బ వెనక బిళ్లలు రెండూ ఇరిచేసిన.