చంద్రుడి మీద హీలియం-3: పద్దు తేలుతుందా?

2008 అక్టోబరులో చంద్రయాన్-1 వెళ్ళినప్పుడు మన పత్రికలు హీలియం-3 గురించి జోరుగా రాశాయి. చంద్రుడి మీద పది లక్షల టన్నులుందట, తెచ్చుకుంటే ఇక కరెంటు కొరతే ఉండదట. 2017లో బ్రహ్మోస్ సంస్థ మాజీ అధిపతి శివథాను పిళ్ళై గారు ఢిల్లీ సభలో, 2030 కల్లా మన ఇంధన అవసరాలు దానితోనే తీరతాయన్నారు. పెద్దవారే. కానీ ఉద్యోగమంతా రక్షణశాఖ పద్దులు చూసినవాణ్ణి, హోదాను బట్టి అంకెను ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

ఆ పది లక్షల టన్నులు గాలివార్త కాదు. 1986లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన విట్టెన్‌బర్గ్, సంటారియస్, కుల్సిన్‌స్కీ వేసిన అంచనా అది. సౌరపవనం కోట్ల ఏళ్ళుగా ఈ వాయువును చంద్రుడి మట్టిలో నింపింది. 1969లో అపోలో-11 తెచ్చిన మట్టిలోనే అది కనబడింది. ఎంత పలచగా ఉందో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు: మంచి మట్టిలో టన్నుకు 10-20 మిల్లీగ్రాములు!

కాగితం, పెన్సిలు తీసుకోండి. గ్రాము హీలియం-3 డ్యుటీరియంతో సంలీనమైతే సుమారు 590 గిగాజౌళ్ళ శక్తి. అంటే 20 మిల్లీగ్రాములకు 12. మన మామూలు బొగ్గు టన్ను కాలిస్తే 16, 17 వస్తుంది. చిటికెడు కూడా వృథా పోకపోయినా, చంద్రుడి మట్టి టన్నుకు టన్ను మన బొగ్గుకే సరితూగదు. వాయువు బయటికి రావాలంటే ఆ మట్టిని 700 డిగ్రీల దాకా కాల్చాలి. అది పెద్ద ఖర్చు కాదులెండి, అక్కడ ఎండ ధారాళం. తవ్వకంతోనే తంటా. 2024-25లో మన దేశం 100 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తీసింది. అంత శక్తి కావాలంటే గాలీ నీరూ లేని చోట ఏటా 140 కోట్ల టన్నుల మట్టి తవ్వాలి.

పైగా పొయ్యే లేదు. అన్నిటికంటే సులువైన డ్యుటీరియం-ట్రిటియం సంలీనంలోనే, 2022 డిసెంబరులో అమెరికాలోని లివర్‌మోర్‌లో 2.05 మెగాజౌళ్ళ లేజర్ కాంతికి 3.15 వచ్చింది. ఆ లేజర్లు మింగిన కరెంటు 300 దాకా ఉంది. హీలియం-3కి అంతకు ఎన్నో రెట్ల వేడి కావాలి. పొయ్యి కట్టకుండా కట్టెలకు టెండరు పిలిస్తే ఏ ఆడిటరు సంతకం పెడతాడు?

అసలు గిరాకీ వేరే చోట ఉంది. క్వాంటం కంప్యూటర్లను చల్లబరచడానికి, న్యూట్రాన్లను పసిగట్టడానికి ఈ వాయువు కావాలి. ఇప్పుడది ట్రిటియం క్షయం నుంచి వస్తోంది. 2025లో అమెరికా ఇంధన శాఖ ఇంటర్‌లూన్ అనే కంపెనీ నుంచి చంద్రుడి హీలియం-3 కొంటానని ఒప్పందం చేసుకుంది. ఎంతనుకున్నారు? మూడు లీటర్లు. తూకం వేస్తే అర గ్రాము కూడా ఉండదు. దానికి 20 టన్నుల మట్టి చాలు.